సున్నం గీతల తోట

ఆ ఇంటికి తోట ఇంకా రాలేదు. కానీ ఇంట్లోవాళ్ళు అప్పటికే తోటలో నడవడం మొదలుపెట్టారు. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అన్న సామెత ఎవరు పుట్టించారో గానీ, వీళ్ళని చూస్తే ఆ సామెతే సిగ్గుపడి పక్కకి తప్పుకునేది. లేని చెట్టు చుట్టూ తిరిగి వెళ్ళేవారు. లేని కొలనులో కాలు పడకుండా చూసుకునేవారు. పాల ప్యాకెట్లు వేసే మనిషి ఒకరోజు గేటు తీసుకుని తిన్నగా వరండా వైపు వస్తుంటే, ఇంటి కోడలు గుమ్మంలోంచి "అటు రాకండి, అక్కడ నీళ్ళున్నాయి" అంది. ఆ మనిషి ఎండిపోయిన నేలకేసి చూశాడు, ఆమె ముఖంకేసి చూశాడు, ఏమీ అనకుండా చుట్టూ తిరిగి వచ్చి పాలిచ్చి వెళ్ళాడు. ఇలాంటివాళ్ళతో వాదన పెట్టుకోకూడదని అతనికి చిన్నప్పుడే ఎవరో మంచివాళ్ళు నేర్పి ఉంటారు.

ఇల్లు చిన్నది, ముందున్న ఖాళీ పెద్దది. కట్టించినవాళ్ళెవరో పడమటి ముఖం పెట్టి, ఆ ఖాళీ అంతా సిమెంటు పలకలు పరిచి చేతులు దులుపుకున్నారు. సూర్యుడు దిగిపోతూ దిగిపోతూ, ఆ రోజుకి మిగిలిన ఎండంతా ఆ వాకిట్లోనే పారబోసి పోయేవాడు. చీకటి పడ్డాక కూడా పలకలు వేడి కక్కుతూ ఉండేవి. ఊరికి ఎండాకాలం కొన్నాళ్ళుంటే, వాళ్ళ వాకిట్లో ఏడాది పొడుగునా ఉండేది.

ఆ వాకిట్లోకి తెరుచుకునే కిటికీ గదిలో అత్తగారు పడుకుని ఉండేవారు, గోడవైపు తిరిగి.

అత్తగారు సామాన్యురాలు కారు. సిటీ బస్సులో కండక్టరు. రిటైరయ్యేదాకా కిక్కిరిసిన బస్సులో ఈ చివరి నుంచి ఆ చివరికి ఈదుకుంటూ తిరిగిన మనిషి. "ముందుకు జరగండి, లోపల సంసారం పెట్టుకునేంత చోటుంది" అని ఆవిడ ఒక్క కేక వేస్తే, ఫుట్‌బోర్డు మీద వేలాడే మగవాళ్ళు పసిపిల్లల్లా లోపలికి జరిగేవారట. టికెట్ లేనివాణ్ణి ముఖం చూసి పట్టేసేవారు. కోడలు కాపురానికి వచ్చిన కొత్తలో, వంటింట్లోంచి హాల్లోకి వచ్చినా సరే, ఎక్కడ దిగాలమ్మా అన్నట్టు చూసేవారు. ఆ చూపుకి కోడలు కొన్నేళ్ళు భయపడింది. ఆ తర్వాత ఆ చూపు లేకపోతే ఏమీ తోచని స్థితికి వచ్చింది. అత్తాకోడళ్ళ సంగతి ఇంతే, బయటివాళ్ళకి చెప్పినా అర్థం కాదు.

నిరుడు బాత్రూంలో కాలు జారి అత్తగారికి తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ చేశారు. "ఎముక శుభ్రంగా అతుక్కుంది, ఇక నడవాల్సింది ఆవిడే" అన్నాడు డాక్టరు. ఆవిడ నడవలేదు. మంచం నుంచి బాత్రూంకి, బాత్రూం నుంచి మంచానికి. ఊరంతా తిరిగిన మనిషికి ఆఖరికి అదొక్కటే రూటు మిగిలింది. ఎవరైనా బతిమాలితే, "ఇంకెందుకులే అమ్మాయ్, నా డ్యూటీ అయిపోయింది" అనేవారు. ఆ మాట కోడలికి కష్టంగా ఉండేది. డాక్టరు ఆమెని పక్కకి పిలిచి చెప్పిన మాట అంతకన్నా బాధపెట్టేది. ఇలాగే పడుకుంటే కాళ్ళలో కండ కరిగిపోతుంది, వచ్చే ఎండాకాలానికి నిలబడమన్నా నిలబడలేరు అన్నాడాయన.

అప్పుడు పుట్టింది కోడలికి తోట ఆలోచన. నడవండి నడవండి అని మంచం పక్కన నిలబడి పోరితే ఎవరూ నడవరు. నడవడానికి ఒక చోటుండాలి, అక్కడ నీడ ఉండాలి. పైకి మాత్రం ఇల్లు అందంగా ఉంటుందని చెప్పింది. అసలు సంగతి భర్తకి కూడా చెప్పలేదు. చెబితే అతను వెంటనే తల్లి దగ్గరికెళ్ళి, "అమ్మా, నీకోసమేనే ఇదంతా" అంటాడు. అంటే ఆవిడ ఇంకాస్త గోడవైపు జరుగుతారు. మంచి మనిషే, కానీ నోట్లో నువ్వుగింజ నానదు.

భర్త నీళ్ళ ఆఫీసులో ఉద్యోగి. నీళ్ళు వృథా చెయ్యకండని ఊళ్ళోవాళ్ళకి నోటీసులు పంపేది అతనే. తోట మాట వినగానే అతను మొట్టమొదట అడిగింది పచ్చిక. హోటల్లో ఉంటుందే, అలాంటిది, వాకిలి నిండా. దాని మధ్యలో ఫౌంటెన్. చుట్టూ రంగు దీపాలు. కంచే చేను మేస్తుందంటే ఏమిటో అనుకుంటాం. మేసేటప్పుడు కంచె ముఖం కూడా అంత అమాయకంగానే ఉంటుంది కాబోలు.

దాచుకున్న డబ్బు ఒక ముద్దగా ఉంది. దాన్ని చూస్తే చాలా అనిపించేది. తోటలు వేసే ఇంజనీరు వచ్చి మాట్లాడాక అది కొంచెమే అయింది.

ఆవిడ వెడల్పాటి టోపీ పెట్టుకుని, టేపు చేత్తో పట్టుకుని, పెన్ను ఎక్కడ పెట్టానా అని వెతుక్కుంటూ వచ్చింది. పెన్ను టోపీలోనే ఉంది. పూల గురించి ఒక్క మాటా ఎత్తలేదు. వాన పడితే నీళ్ళు ఎటు పోతాయి అని అడిగింది. పలకలు రెండు ఊడదీయించి కింద మట్టి చూసి మూతి విరిచింది. వరండాలో కూర్చుని, "మీ డబ్బులో సగం కంటికి కనపడని వాటికి పోతుంది" అని చల్లగా చెప్పింది. "మట్టి మార్చాలి, వాలు సరిచెయ్యాలి, నేలకింద డ్రిప్ పైపులు వెయ్యాలి. ఆ తర్వాత దారికి రాళ్ళు. మొక్కలు ఆఖర్న. ఇంకో పదో వంతు ముట్టుకోకుండా పక్కన పెట్టుకోవాలి. తవ్వితే లోపల ఏం బయటపడుతుందో ముందే ఎవరం చెప్పలేం."

"మరి ఫౌంటెనో?" అన్నాడు భర్త.

"పెట్టొచ్చు. దాంట్లో నీళ్ళు మీ ఆఫీసువాళ్ళని అడిగి పోయించుకోండి."

కోడలికి ఆవిడ నచ్చింది.

తోటలావిడకి ఒక పద్ధతి ఉంది. కాగితం మీద బొమ్మ చూపించి సంతకం పెట్టించుకోదు. కాగితం మీద ఏ తోటైనా అందరికీ నచ్చుతుందంటుంది. సున్నం బస్తా తెప్పించి, తోటలో రాబోయేవన్నీ నేలమీద అసలు కొలతల్లోనే గీసేస్తుంది. కొలను ఉన్నచోట కొలనంత గీత, చెట్టు ఉన్నచోట కొమ్మలు ఎంతవరకు పరుచుకుంటాయో అంత గుండ్రం. నాలుగు వారాల పాటు ఇంటివాళ్ళు అవన్నీ నిజంగా ఉన్నట్టే తిరగాలి. ఆ తర్వాత వచ్చి గీతలు చూస్తుంది. ఎవరి కాలికిందైనా పడి చెరిగిపోయినవి ఎస్టిమేట్లోంచి కొట్టేస్తుంది. చెక్కుచెదరకుండా ఉన్నవాటికే డబ్బు పెట్టమంటుంది. మనసు పది కోరుతుంది, కాళ్ళకి కావలసినవి రెండో మూడో అని ఆవిడ లెక్క.

ఆ రోజు పలకల మీద తెల్లగా పచ్చిక అంచు లేచింది, చిన్న కొలను లేచింది, గేటు నుంచి కొలను పక్కగా వంకర తిరుగుతూ దారి లేచింది. ఆఖర్న కిటికీకి ఎదురుగా పెద్ద గుండ్రం గీసి, మధ్యలో నిలబడి చేతులకంటిన సున్నం దులుపుకుంటూ తోటలావిడ అంది:

"ఇక్కడ కానుగ. మొక్క పెడితే చవక, నీడకి ఆరేడేళ్ళు పడుతుంది. పెరిగిన చెట్టునే వేళ్ళతో సహా లారీలో తెచ్చి క్రేనుతో దింపితే, వచ్చే ఎండాకాలానికే నీడ. కానీ ఖర్చు మీ మొత్తంలో సగానికి దగ్గర. పైగా ఆ వయసులో చోటు మారిన చెట్టు బతుకుతుందని నేను రాసివ్వలేను. ఏది రాసుకోమంటారు?"

"పెరిగిందే" అంది కోడలు. భర్త నోరు తెరిచేలోపే అంది.

అతను వింతగా చూశాడు. ఇంట్లో ఒక గరిటె కొనడానికి మూడు షాపులు తిరిగే మనిషి, చెట్టంత ఖర్చుకి రెప్ప వెయ్యకుండా ఊ అంది. కోడలు కిటికీకేసి చూడలేదు. చూస్తే కళ్ళు చెప్పేస్తాయని భయం. ఆరేడేళ్ళు అత్తగారికి ఉన్నాయో లేదో అని లోపల అనుకుంది, అనుకున్నందుకు తన్ను తాను తిట్టుకుంది.

"అలాగైతే ఇటువైపు కొమ్మ కిందికి ఉంటుంది. దారిలో వెళ్ళేటప్పుడు తల వంచాలి, మర్చిపోకండి" అని చెప్పి, తోటలావిడ బూట్ల నిండా సున్నంతో వెళ్ళిపోయింది. పెన్ను వరండాలో మర్చిపోయింది.

మొదటి రెండు మూడు రోజులు నవ్వొచ్చింది. తర్వాత నవ్వు పోయి అలవాటొచ్చింది. ఆ తర్వాత ఏమొచ్చిందో చెప్పడం కష్టం. ఆఫీసు నుంచి వస్తూ భర్త కొలను దగ్గర ఒక్క క్షణం ఆగేవాడు, ముఖం కడుక్కుందామా అన్నట్టు. కొమ్మ దగ్గర ఇద్దరూ తల వంచేవారు. సాయంత్రాలు కోడలు ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి కానుగ గుండ్రంలో వేసుకుని కూర్చునేది. ఎండ ఎదురుగా ముఖం మీద పడుతూనే ఉండేది. అయినా కళ్ళు మూసుకుంటే మెడమీద చల్లగా ఉన్నట్టుండేది. ఆకుల చప్పుడు లాంటిదేదో వినిపించేది. అది పక్కింటివాళ్ళ ప్లాస్టిక్ పట్టా గాలికి కొట్టుకుంటున్న చప్పుడని ఆమెకి తెలుసు. తెలిసినంత మాత్రాన వినడం మానాలా.

ఆమె పనిచేసేది కళ్ళద్దాల షాపులో. వచ్చినవాళ్ళ ముక్కు మీద ఫ్రేము పెట్టి, అద్దాలు మార్చి మార్చి, ఇప్పుడెలా ఉంది, ఇప్పుడెలా ఉంది అని అడగడం రోజంతా ఆమె పని. ఆ నెలలో ఆమెకే ఏ అద్దమూ అక్కర్లేకుండా ఒక పచ్చదనం కనిపిస్తూ ఉండేది. అక్షరాల బోర్డు పక్కన, గల్లాపెట్టె వెనకాల, బస్సు కిటికీలో. ఆ పచ్చదనంలో ఒక మనిషి కర్ర పట్టుకుని మెల్లిగా నడుస్తూ ఉండేవారు. వెనక్కి తిరిగి చూసేవారు కారు. ఆ మనిషి ఎవరో చెప్పక్కర్లేదు.

ఇంటికొచ్చేసరికి ఆ మనిషి గోడవైపు తిరిగి పడుకుని ఉండేవారు.

ఇలా ఉండగా దొంగతనాలు మొదలయ్యాయి. గేటు నుంచి వరండాకి అడ్డదారి పచ్చికలోంచే. తొందరలో ఉన్న కాలికి మర్యాదలు తెలియవు కదా, అంచు గీత చెరుగుతూ వచ్చింది. భర్తకి బెంగ పట్టుకుంది. తెల్లవారుజామున లేచి, మిగిలిన సున్నం గుప్పెట్లో పోసుకుని, తేలు కుట్టిన దొంగలా చప్పుడు కాకుండా గీత మళ్ళీ దిద్దేవాడు. ఒకరోజు కోడలు అది చూసింది. నవ్వుకుంది. మర్నాడు అతను లేవకముందే తనూ వెళ్ళి కానుగ గుండ్రం మీద సున్నం పోసి వచ్చింది. దాన్ని ఎవరూ తొక్కలేదు, చెరగనూ లేదు. ఎందుకైనా మంచిదని పోసింది. చీటీపాటలో పోటీ ఉన్నట్టు మొగుడూ పెళ్ళాలిద్దరూ ఎవరికి వారు తమ గీతలు లావు చేసుకుంటూ పోయారు. కొద్దిరోజులకే పచ్చిక అంచు గోడంత మందమైంది.

పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగుతూ తన్నెవరూ చూడట్లేదనుకుంటుందట. వీళ్ళని కిటికీలోంచి ఒకరు చూస్తున్నారు.

అది బయటపడింది ఒక ఆదివారం పొద్దున. భర్త చెత్త బుట్ట పట్టుకుని గేటు వైపు అడ్డంగా నడుస్తున్నాడు. కిటికీలోంచి కేక వినిపించింది.

"ఒరేయ్, పచ్చిక తొక్కుతున్నావు. దారి కనపడలా?"

అతను బుట్టతో సహా ఆగిపోయాడు. వంటింట్లో కోడలి చేతిలో గిన్నె ఆగిపోయింది. ఆ గొంతు ఎన్నాళ్ళకి వినపడిందో. కిక్కిరిసిన బస్సు ఈ చివరి నుంచి ఆ చివరికి వినపడే గొంతు.

"తెల్లారుజామున సున్నం పొయ్యడం, పొద్దున దాన్నే తొక్కడం. ఎవర్ని మోసం చేద్దామని? నువ్వు కూడా అంతే అమ్మాయ్, వింటున్నావుగా. ఇద్దరూ టికెట్ లేకుండా ప్రయాణం చేస్తున్నారు."

కోడలికి కంట్లో నీళ్ళు తిరిగాయి. పరుగెత్తుకెళ్ళి ఆవిడ కాళ్ళు పట్టుకోవాలనిపించింది. వెళ్ళలేదు. గిన్నె తోముతూ, "సరే అత్తయ్యా" అని మాత్రం అంది. అడవి పిట్ట వచ్చి కిటికీ మీద వాలినప్పుడు చప్పట్లు కొడతారా ఎవరైనా.

ఆ రోజు నుంచి అత్తగారి డ్యూటీ మొదలైంది. మంచం గోడ దగ్గర్నుంచి కిటికీ దగ్గరికి జరిగింది. వాకిట్లో ఎవరు ఎటు నడిచినా ఆవిడ కంట్లో పడాల్సిందే. దారిలో స్టాపులు పెట్టారు. గేటు, కొలను, మలుపు, కానుగ. "కొలను దగ్గర తోసుకోకండి", "కానుగ దగ్గర తల వంచు, కొమ్మ తగుల్తుంది". పాల మనిషికి కూడా ఆవిడే రూటు చెప్పేవారు. అతను ఇప్పుడు వాదించకపోవడమే కాదు, కొమ్మ దగ్గర తల కూడా వంచడం నేర్చుకున్నాడు.

ఒక మధ్యాహ్నం కోడలు సెలవు పెట్టి ఇంట్లో ఉంది. భర్త ఆఫీసులో ఉన్నాడు. వంటింట్లో కూరగాయలు తరుగుతుంటే హాల్లో టక్ మని చప్పుడైంది. కొంచెం ఆగి, ఇంకోసారి. ఆసుపత్రివాళ్ళిచ్చిన కర్ర అది. ఇన్నాళ్ళూ బీరువా పక్కన బూజు పట్టి ఉంది. కోడలు కత్తి కింద పెట్టింది. కదలలేదు. ఊపిరి కూడా లెక్కపెట్టి తీసుకుంది. టక్, టక్, గుమ్మం దాటింది, వరండా మెట్టు దగ్గర చాలాసేపు ఆగింది. దిగింది.

కోడలు వంటింటి కిటికీ మూలలోంచి చూసింది. వాకిలంతా ఎండ. తెల్లటి గీతలు ఆ వెలుగులో నేలమీద కాక కాస్త పైకి లేచి తేలుతున్నట్టున్నాయి. వాటి మధ్యలో నైటీ మీద తువ్వాలు కప్పుకున్న పెద్దావిడ, గీత దాటకుండా, దారి వెంటే, చాలా జాగ్రత్తగా నడుస్తున్నారు. కొలను దగ్గర వంగి చూశారు. ఏం కనపడిందో. మలుపు తిరిగారు. కానుగ దగ్గర తల వంచారు. గుండ్రంలోకి వెళ్ళి, కోడలు మర్చిపోయిన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని, హమ్మయ్య అన్నట్టు తువ్వాలు తీసి ఒళ్ళో పెట్టుకున్నారు. ఎదురుగా ఎండ మండిపోతోంది. నీడలో కూర్చున్నవాళ్ళ ముఖం ఎలా ఉంటుందో ఆవిడ ముఖం అలా ఉంది.

కోడలు కూరగాయల ముందు కూర్చుని ఏడ్చింది. ఉల్లిపాయ తరగట్లేదు కాబట్టి ఎవరికీ సాకు చెప్పుకోవలసిన పని లేదు, అది ఉత్త సంతోషమే.

ఆ తర్వాత రోజూ పొద్దున, సాయంత్రం ఆవిడ రూటు తిరిగేవారు. ఎవరూ ఏమీ అనకూడదని కోడలు మొగుణ్ణి పక్కకి పిలిచి గట్టిగా చెప్పింది. అప్పుడు చెప్పక తప్పలేదు, అసలు తోట ఎందుకో కూడా. మర్నాడు తెల్లవారుజామున అతను పచ్చికకి సున్నం పొయ్యలేదు.

ఇక గడువు ఇంకో రెండు రోజుల్లో అయిపోతుందనగా వాన వచ్చింది. వేళ కాని వేళ, మధ్యాహ్నం పూట, ఊరంతా ఒక్కసారిగా నల్లబడి కుండపోతగా కురిసింది. కోడలు షాపులో ఎవరికో అద్దం మార్చి ఇప్పుడెలా ఉంది అని అడుగుతోంది. వీధివైపు అద్దం మీద నీళ్ళు జారడం చూసి ఆమెకి గుండె జారింది. సున్నం. ఉన్నది కాస్తా పోతుంది. గీత లేకపోతే దారి లేదు, దారి లేకపోతే ఆవిడ మళ్ళీ గోడవైపు తిరుగుతారు. సున్నం గీత మీద ఇల్లు కట్టుకున్నానే అని తన తెలివిని తనే తిట్టుకుంటూ, తడిసి ముద్దై ఇంటికి పరుగెత్తింది.

గేటు తీసేసరికి వాన వెలిసింది. వాకిలి కడిగిన పళ్ళెంలా ఉంది. ఒక్క గీత లేదు, ఎక్కడో గోడవారన తెల్లటి నీళ్ళు చారలు కట్టి పారుతున్నాయి. ఇన్నాళ్ళూ అక్కడున్న తోట ఏమైపోయిందా అనిపించింది. నిజంగా చెట్లు కూల్చేసినంత దిగులేసింది.

వరండాలో టక్ మంది. అత్తగారు మెట్టు దిగుతున్నారు.

కోడలు గేటు దాటి రెండడుగులు వేసి అలాగే నిలబడిపోయింది. ఆవిడ తడి పలకల మీద కర్ర ఆనించి ఆనించి, ఎడమవైపు నడిచారు. కొలను ఉండాల్సిన చోట చుట్టూ తిరిగారు. మలుపు దగ్గర మలుపు తిరిగారు. గీతలున్నప్పుడు ఎలా నడిచారో అలాగే, ఒక అడుగు అటూ ఇటూ కాకుండా. ఖాళీ వాకిట్లో ఒక చోట తల వంచారు.

"పచ్చికలో నిలబడ్డావేంటి అమ్మాయ్, పక్కకి రా" అన్నారు.

కోడలు తడి చెప్పులతో ఒక్క గెంతు గెంతి దారిలోకి వచ్చింది.

గడువు నాటికి తోటలావిడ వచ్చి, ఖాళీ వాకిలి చూసి తల పట్టుకుంది. ఎప్పుడూ ఇలా జరగలేదంది, మళ్ళీ గీసి ఇంకో నాలుగు వారాలు ఆగాలంది. సున్నం బస్తా కోసం ఫోను తీసింది.

"ఎందుకమ్మా, నా వెనకాల రా" అన్నారు అత్తగారు. "బస్సు దారి డ్రైవరుకి ఎవరైనా రోజూ గీసిస్తారా?"

ముందు అత్తగారు, వెనకాల వంగి వంగి పలకల సందుల్లో మేకులు గుచ్చుతూ తోటలావిడ, ఆమె వెనకాల మేకుల సంచీ పట్టుకుని నీళ్ళ ఆఫీసు ఉద్యోగి. ఆ ఊరేగింపు వాకిలంతా తిరిగింది. ఆవిడ కాలు ఎక్కడ పక్కకి తిరిగితే అక్కడ ఒక మేకు. కొలను దగ్గర తోటలావిడ తన పాత కొలతలు తీసి చూసుకుని, అంగుళం కూడా తేడా లేదని నోరు వెళ్ళబెట్టింది. అత్తగారు పిలిచిన తీరుకే ఆమెకి కొంచెం భయం వేసింది. ఇప్పుడు భక్తి కూడా కలిసింది.

తర్వాత వరండాలో లెక్కలకి కూర్చున్నారు. పచ్చికని భర్తే స్వయంగా కొట్టేయించాడు. దాని దాహం తీర్చాలంటే నేను నాకే నోటీసు పంపుకోవాలి అన్నాడు. రంగు దీపాలు పోయాయి. కొలను చిన్నదై ఉండిపోయింది. దారి రాళ్ళు గరుకువి, తడిసినా జారనివి, ఎంత ఖర్చైనా సరే అని కోడలు పట్టుబట్టింది. దానికి అందరూ ఒప్పుకున్నారు. ఇక కానుగ దగ్గరికి వచ్చేసరికి లెక్క తెగలేదు. పెరిగిన చెట్టు పెట్టాలంటే పక్కన పెట్టిన పదో వంతు కూడా పోతుంది.

"అది ముట్టుకోవద్దండీ, వద్దన్నాను ముందే" అంది తోటలావిడ.

"చెట్టు మాత్రం పెద్దదే కావాలి. నా గాజులున్నాయి" అంది కోడలు.

"గాజులెందుకే?" అన్నాడు భర్త.

"కావాలి అంతే."

గుమ్మంలో కుర్చీలో కూర్చుని అత్తగారు అంతా వింటున్నారు. కోడలికేసి తిరిగి, వెనకటి చూపు చూశారు, టికెట్ లేనివాణ్ణి పట్టేసే చూపు.

"అంత పెద్ద చెట్టు ఎందుకమ్మాయ్ నీకు?"

కోడలు తలొంచుకుంది. చెప్పులకేసి చూసింది, గోడకేసి చూసింది. అబద్ధం ఆడదామంటే ఆ చూపు ముందు ఎవరివల్లా కాలేదు, ఆమెవల్ల ఏమవుతుంది.

"నేను పోయేలోపు నీడ రావాలనా?" అన్నారు అత్తగారు.

తోటలావిడ పెన్ను కోసం వెతుక్కుంటున్నట్టు నటించింది. కోడలికి కన్నీళ్ళు ఆగలేదు. "అవునత్తయ్యా" అంది. "నాకు భయమేసింది. మీరు ఆ గోడవైపు తిరిగి పడుకుంటే నాకు ప్రతి పూటా భయమేసింది."

అత్తగారు వాకిట్లోకి చూశారు. మేకుల మధ్య ఎండ మెల్లిగా వాలుతోంది. ఆవిడ చెయ్యి చాచి కోడలి మణికట్టు పట్టుకున్నారు, గాజుల మీదుగా.

"వీటిని తియ్యకు. మొక్క తెప్పించండి."

"ఆరేడేళ్ళు పడుతుందమ్మా నీడకి" అన్నాడు భర్త. అనకూడని మాట అనేశానేమో అని నాలుక కరుచుకున్నాడు.

"పట్టనీరా. నేనెక్కడికి పోతున్నాను?" అన్నారు ఆవిడ. "దానికి నీళ్ళు పోసేవాళ్ళుండొద్దూ."

కోడలు ఆవిడ ఒళ్ళో తల పెట్టేసింది. ఆ ఒక్క మాట కోసమే ఆమె నిరుటి నుంచి ఎదురుచూసింది, ఆ మాట కోసమే తోటంతా. తోటలావిడ కాగితం మీద పెద్ద చెట్టు కొట్టేసి, మొక్క అని రాసింది.

పలకలు లేచాయి, మట్టి మారింది, పైపులు నేలలోకి వెళ్ళాయి. తవ్వినచోట పాత మురుగు గొట్టం ఒకటి పగిలి బయటపడి, ఆ పదో వంతు కాస్తా దానికి సరిపోయింది. ఆఖర్న, చల్లబడిన ఒక సాయంత్రం, మోకాలెత్తు కానుగ మొక్కని గుంటలో పెట్టి అత్తగారే మట్టి కప్పారు. నాలుగు ఆకులున్నాయి దానికి. చెంబుతో నీళ్ళు పోసి, చేతులు దులుపుకుని, కర్ర అందుకుని ఇంటివైపు దారి పట్టారు.

మొక్క పక్కనుంచి వెళ్తూ, కొమ్మ ఉండే చోట ఆవిడ తల వంచారు. వెనకాలే వస్తున్న కోడలు కూడా వంచింది.